పాదిరి బండి

తన చిన్నప్పుడు, ఇక్కడ బర్మాలో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, ఒక భారతీయ సైనికుడు తనను ఎత్తి ట్యాంకులో కూర్చోబెట్టాడని మా నాన్న చెప్పేవాడు. ఆ సైనికుడిది విశాఖపట్నం వైపట. దాన్ని పాదిరి బండి అంటారని తెలుగులోనే చెప్పాడట. లోపల కూర్చుని తలెత్తితే ఆకాశం కనిపించిందనీ, పైన గద్ద తిరుగుతోందనీ అనేవాడు నాన్న.

"పాదిరి బండైతే గుండు పేల్సేముందు కానుకల సంచి తిప్పినాదా అన్నా?" అని మా అత్త అడిగేది. ఇల్లంతా నవ్వేది.

"నవ్వండి. నాను సూసినాను."

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా చౌక్తడా పేటలోని గ్రంథాలయంలో, పక్కన నిఘంటువు పెట్టుకుని సాగింది. ఆ గర్వంతోనే ఒకరోజు ట్యాంకుల పుస్తకం ఇంటికి తెచ్చి బొమ్మలన్నీ చూపించాను. అన్నింటికీ ఇనుప కప్పు ఉంది.

"మరి ఆకాశం ఎలాగ కనబడినాది నాన్నా? పుస్తకం అబద్దమాడదు గదా."

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ ఆ కథ చెప్పలేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఈ ఏడాది వానల్లో అదే గ్రంథాలయంలో పురుగు తిన్న సైనిక పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఉంది ఆ బండి. ట్యాంకు చట్రం మీద పెద్ద ఫిరంగి బిగించి, తనంతట తాను నడిచేలా చేసిన బండి అది. ట్యాంకు కాదు. పైకప్పు లేదు, తొట్టిలా తెరిచి ఉంటుంది. ముందు ఒక మూల మరతుపాకీ మనిషి నిలబడే గుండ్రటి గూడు ఉంది. అది చర్చిలో ప్రసంగం చేసే గూడులా ఉందని ఆంగ్ల సైనికులు బండికి పాదిరి అని పేరు పెట్టారట. బర్మాలోనూ నడిపారట.

బొమ్మను నోటుపుస్తకంలో దించుకుని బస్సెక్కి నాన్న ఉండే సంచౌంగ్ పేటకు చేరాను. నాన్నకు ఎనభై ఐదు దాటాయి, ఊపిరి సరిగా అందడం లేదు. నవ్విన అత్త కూడా పోయింది. ఆయన పోయేలోపు ఈ మాట ఆయన చెవిన పడాలి, నాకంతే.

"నాన్నా, నువ్వు సెప్పిందే నిజం. ఇదిగో పాదిరి బండి."

"ఏటిది? ట్యాంకుకి కప్పుంటాది నాయనా."

"ఇది ట్యాంకు కాదు నాన్నా."

"సిన్నోణ్ని గదా, కలొచ్చుంటాది. దాన్నే ఊరంతా సెప్పుకు తిరిగినాను. సిగ్గేసినాది."

"కల కాదు. నువ్వు సూసినావు."

"నువ్వు సదువుకున్నోడివి. నువ్వు సూపించినాక ఇంకేటుంది?"

అప్పుడు నేను చదివింది తక్కువనీ, నేను చెప్పిందే తప్పనీ అన్నాను. ఆయన నమ్మలేదు.