డోరీన్ గుంజి చూసే గొలుసు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పశువుల దొడ్డిలో డోరీన్‌ది ముప్పై ఏళ్ల పని. గేటు గొలుసు ఎవరు తగిలించినా తాను వెళ్లి రెండుసార్లు గుంజి చూస్తుంది. ఆమె మూతి ఎప్పుడూ చేదు మింగినట్టే ఉంటుంది. ఈగలకైనా, పేడకైనా, కబుర్లకైనా ఒకటే ఉమ్ము.

దూడలకు ముద్రలు వేసే రోజున కొత్త పనివాడు కీరన్ తాను లొంగదీసిన ఎద్దుల కథలు పొద్దుటి నుంచీ వినిపిస్తూనే ఉన్నాడు. "గొలుసు వేశావురా?" అని డోరీన్ దూరం నుంచే అరిచింది. "వేశా ఆంటీ, ఏనుగొచ్చినా కదలదు!" దగ్గరికి వెళితే ఇంకో కథ వినాల్సి వస్తుందని, ఆ ఒక్కసారి ఆమె గుంజి చూడలేదు. దూడ అరుపు విని తల్లి ఆవు గేటును తలతో కుమ్మింది. కొక్కేనికి తగులుకోని గొలుసు జారిపోయింది. అప్పుడే గేటు ముందుగా పోతున్న డోరీన్ కంచె మీదికి ఎగబాకింది. గేటు ఆమె మడమకు జానెడు దూరంలో కమ్మీలకు కొట్టుకుంది. తప్పుకోబోయిన కీరన్ తెరిచిన నోటితోనే పేడ బురదలో బోర్లా పడ్డాడు. ఆవు వాడి మీదుగా దూకి దూడ దగ్గరికి పోయింది. "తప్పయింది ఆంటీ," అన్నాడు పచ్చటి పళ్లతో. "ముందు ఉమ్మెయ్, మింగేవు!" డోరీన్ కంచె దిగింది. "ఛీ! నీ సంగతి తెలిసిందేరా. ఇన్నేళ్ల తర్వాత ఒకడి మాట నమ్మి ఊరుకున్నాను చూడు, నామీద నేనే ఉమ్మేసుకోవాలి." గొలుసు తానే తగిలించి రెండుసార్లు గుంజింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ గుంజింది.