ఇరవై రెండు పలకలతో అర్ధవీడు దారిలో

ఈ ప్రయాణానికి కారణం ఒక మేక. మా అమ్మాయి రమాదేవి అర్ధవీడు మండలంలో, నల్లమల కొండ కింద ఉన్న చిన్న ఊరి ప్రభుత్వ బడిలో టీచరు. బడి మొత్తానికి ఇరవై రెండు మంది పిల్లలు. వాళ్ళ దగ్గర ఫోన్లు లేవు, బడిలో కంప్యూటర్ల గది లేదు. అయినా మా అమ్మాయి ఊరుకునే మనిషి కాదు. ఇంటర్నెట్టులో పైసా ఖర్చు లేకుండా దొరికే ఒక ఏర్పాటును పట్టుకుంది. పిల్లలు ఒక్కొక్కరికీ ఒక అట్ట ఇస్తారు. దాని మీద నల్లని గళ్ళ బొమ్మ ఉంటుంది, ఏ ఇద్దరి బొమ్మా ఒకటి కాదు. అంచుల దగ్గర ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలు. టీచరు ప్రశ్న అడిగి నాలుగు జవాబులు చెబితే, తనకు తోచిన జవాబు అక్షరం పైకి వచ్చేట్టు అట్టను ఎత్తి పట్టుకోవాలి, అంతే. టీచరు తన ఒక్క ఫోనును తరగతి మీద అలా తిప్పిందంటే, ఎవరు ఏం చెప్పారో అందులో పడిపోతుంది. నోరు తెరవక్కర్లేదు. తప్పు చెబితే నవ్వుతారన్న భయం లేదు. పక్కవాడిది చూద్దామంటే వాడి బొమ్మ వేరు. మొదటిసారి విన్నప్పుడు నేను మా అమ్మాయి చేత మూడుసార్లు చెప్పించుకున్నాను, అంత ముచ్చటేసింది.

ఆ అట్టల్లో నాలుగో నంబరును మేక తినేసింది. మిగతావి నలిగి, చినిగి, చెమట మరకలు పడ్డాయి. “అట్టలు నెలకు మించి నిలవట్లేదు నాయనా” అని రమ ఫోన్లో అన్నది. “పలక మీద వేస్తే మేక తింటదా అమ్మా?” అన్నాను నేను. నేను చదివింది ఐదో తరగతి వరకే కానీ, మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్ళు రాయి కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్టాలు బిగించినవాణ్ణి. ఈ చేతులతో చేసిన పలక మా అమ్మాయి తరగతిలో ఫోనుతో మాట్లాడుతుందంటే నాకు ఆ రోజు అన్నం సయించలేదు, సంతోషానికి.

ఇంకో సంగతి కూడా రమ చెప్పింది. నాలుగో తరగతిలో మల్లేశ్వరి అనే పిల్ల ఉంది. వాళ్ళది గొర్రెల కాపరుల ఇల్లు. కోతలయ్యాక వాళ్ళమ్మ చెన్నమ్మ మందను తోలుకుని కాలువల కింది ఊళ్ళకు పోతుంది, మళ్ళీ వానలకే తిరిగి రావడం. ఏటా పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టేది. ఈసారి బడి మానిపించి వెంట తీసుకుపోతానంటోంది. నోరు తెరవని పిల్లకు బడి ఎందుకని ఆమె మాట. గురువారం బయలుదేరుతున్నారు. అంతకు ముందే, సోమవారం జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్లకు ఎంత వస్తుందో తల్లి కళ్ళకు చూపించాలని రమ ఆశ. పనికొచ్చే అట్టలు లేవు. అందుకని మూడు రోజులు కూర్చుని, రమ నా ఫోనుకు పంపిన బొమ్మలు చూసి, ఇరవై రెండు పలకల మీద ఒక్క గడి తేడా రాకుండా దించాను. వెనక వైపు చెక్క చట్టం మీద నంబర్లు వేశాను. ఎవరికీ చూపించలేదు, నేరుగా బడిలోనే సంచి విప్పుదామని.

సోమవారం ఉదయం ఆరూ నలభైకి మార్కాపురం బస్టాండులో కంభం బస్సు ఎక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే, గంటకు కాస్త పైన ప్రయాణం. గోతాం సంచిని కాళ్ళ మధ్య పెట్టుకుంటే కండక్టరు కాలితో తట్టి చూశాడు.

“ఏంది పెద్దాయనా, సంచిలో రాళ్ళేమన్నా ఏసుకొచ్చినావా?”

“రాళ్ళే నాయనా. పలకలు.”

“ఇంకా పలకల మీద రాసే పిల్లకాయలు ఉండారా?”

“రాయరు. ఎత్తి చూపిస్తారు. ఫోను చదువుద్ది.”

అతను నా పక్కన కూర్చున్నామెను చూసి, “పెద్దాయనకు ఎండ రాకముందే ఎండ తగిలినట్లుంది అక్కా” అన్నాడు. ఆమె తగ్గలేదు. “నవ్వబాకయ్యా. నా కార్డు చూసి నీ మిషను సున్నా టికెట్టు కొట్టలా? అట్లనే ఆయన పలక గూడా చదువుద్దేమో.” బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఆ ధీమా ఆమెది. తర్లుపాడు దాటేదాకా ఆమెకు ఆ గళ్ళ బొమ్మల సంగతంతా చెప్పాను. దిగేటప్పుడు “మా మనవరాలి టీచరుకు గూడా చెప్పు మామా” అని ఊరి పేరు చెప్పి పోయింది. దారికి రెండు పక్కలా కంది కోసిన చేలు, వాటిలో అక్కడక్కడ అప్పుడే దిగిన మందలు. కిటికీ పక్కన కూర్చోండి, బాగుంటుంది.

ఎనిమిది లోపే కంభంలో దిగి, బస్టాండు బయట నాలుగు ఇడ్లీ తిన్నాను. అక్కడి నుంచి అర్ధవీడుకు షేర్ ఆటోలు మనుషులు నిండితే కదులుతాయి, ముప్పై రూపాయలు. అర్ధవీడు నుంచి బడి ఉన్న ఊరికి మాత్రం పొద్దున ఎనిమిదీ ముక్కాలుకు ఒకటే ఆటో, బాషా అని ఒక అబ్బాయి నడుపుతాడు. అది తప్పితే వేరే ఆటో మాట్లాడుకోవాలి, నూట యాభై అడుగుతారు. నేను రమ టీచరు నాయనను అని చెప్పగానే బాషా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

“చెన్నమ్మక్క ఈసారి పిల్లను గూడా తోలుకపోతదంట గదా మామా” అన్నాడు.

“నీకు తెలుసా ఆ పిల్ల?”

“తెలవకేం. ఊర్లో సగం మంది దాన్ని మూగదనుకుంటారు. గొర్రెల కాడ చూడాల నువ్వు, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి తిడతది.”

తొమ్మిదిన్నరకు బడి చేరాను. రమ ఎదురొచ్చింది. చాప మీద పలకలన్నీ పరిచాను. పిల్లలు చుట్టూ మూగి “తాతా, ఇది నాదా, ఇది నాదా” అని నంబర్లు వెతుక్కున్నారు. వాళ్ళ వెనకగా, చేతులు లంగాలో దాచుకుని నిలబడ్డ పిల్లే మల్లేశ్వరి అని రమ కళ్ళతోనే చెప్పింది. పదకొండో నంబరు పలక తీసి ఆ పిల్లకు ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుంది కానీ మాట లేదు.

రమ ఫోను తీసి ఒక పలక మీద పట్టింది. ఏమీ పడలేదు. దగ్గరగా పట్టింది. పిల్లలను ఎండలోకి తీసుకొచ్చి పట్టింది. ఊహూ. అప్పుడు రమ ఒక పాత అట్టను, నా పలకను పక్కపక్కన పెట్టి చూసి, మెల్లగా అన్నది.

“నాయనా, అట్ట మీద బొమ్మ నల్లగా ఉంది. చుట్టూ తెలుపు. నువ్వు బొమ్మను తెల్లగా వేసినావు. ఫోనుకు తిరగబడింది.”

ముప్పై ఎనిమిదేళ్ళు నల్ల రాయి మీద తెల్ల గీతే చూసిన కళ్ళు ఇవి. రమ పంపిన బొమ్మలు చూస్తూ కూడా, పలక మీదకు వచ్చేసరికి నా చెయ్యి దానంతట అది తెల్లరంగు డబ్బాలోకి పోయింది. వేరేగా వేయొచ్చన్న ఆలోచనే రాలేదు. తల్లిదండ్రులు పదకొండింటికి వస్తారు. నా గొప్పకు పోయి ఆ పిల్ల చదువు పోగొడుతున్నానా అనిపించి, కాసేపు చాప మీదే కూలబడ్డాను.

కానీ పలకకు రెండో మొహం ఉంది కదా. “అమ్మా, పాత అట్టలు పారెయ్యలేదు గదా? కత్తెర తీసుకురా” అన్నాను. నలిగినా చినిగినా అట్టల మీద నల్ల బొమ్మలు మిగిలే ఉన్నాయి. వాటిని అంచు వెంట కత్తిరించి, పలక వెనక వైపు పెట్టి, చుట్టూ తెల్లగా పూసి, బొమ్మను ఎత్తేస్తే కింద నల్ల రాయి అలాగే మిగులుతుంది. మేక తిన్న నాలుగో నంబరు నాకు కంఠతా వచ్చేసింది, కాగితం మీద గీసి కత్తిరించాను. ఇక పూయడానికి రంగు. సుద్దముక్కలు నూరి నీళ్ళలో కలిపితే ఆరాక చేతికి అంటుకు వస్తుంది. మధ్యాహ్న భోజనం వండే ఓబులమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇదంతా చూస్తోంది.

“గంజి పోస్తే పట్టుకుంటది అన్నా. ఇప్పుడే వార్చినా, ఎంత గావాల?”

ఆమె ఇచ్చిన గంజిలో సుద్దపొడి కలిపి గుడ్డతో అద్దుతుంటే తల్లిదండ్రులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. భుజాన గొంగడితో వచ్చినామె నా దగ్గర ఆగింది.

“ఏంది మామా, పలకలకు సున్నం కొడతండావు?”

“నీ పేరేందమ్మా?”

“చెన్నమ్మ. మల్లేశ్వరి అమ్మను. అట్ల గాదు, ఇట్ల తే.” నా చేతిలో గుడ్డ లాక్కుంది. “గొర్రెకు గుర్తేసేటప్పుడు రుద్దగూడదు. ఒత్తి తియ్యాల. రుద్దితే పారుద్ది.”

ఆమె అద్దిన పలకల మీద అంచులు కత్తితో కోసినంత తీరుగా వచ్చాయి. నావి ఆరు అయ్యేసరికి ఆమెవి పన్నెండు అయ్యాయి. “మూడు దినాలు కూసోని చేసినావంట గదా, మూడు దినాల్లో నేను వంద గొర్రెలకు వేస్తా” అని ఎగతాళి ఒకటి. చలికాలపు ఎండలో ఇరవై నిమిషాలకు ఆరాయి. ఆరాక మేకుతో అంచుల దగ్గర అక్షరాలు గీశాను.

అప్పుడు మొదలైంది అసలు సంబరం. పిల్లలు వరసగా కూర్చున్నారు. కిటికీ దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తుంది కాబట్టి రమ తన ల్యాప్‌టాప్‌ను అక్కడే పెట్టింది. తెర మీద ఒకటి నుంచి ఇరవై రెండు దాకా నంబర్లు, ఒక్కో నంబరు పక్కన ఐదు ప్రశ్నలకు ఐదు గళ్ళ వరస. జవాబు సరైతే గడి పచ్చగా, తప్పయితే ఎర్రగా మారుతుంది. రమ ఫోను ఎత్తింది. ఒకటి, మూడు, ఎనిమిది, పదిహేను. టపటపా పడుతున్నాయి. నా రాళ్ళను ఫోను చదివింది. తండ్రుల ముందు, తల్లుల ముందు ఏడవకూడదని పైకప్పు చూస్తూ కూర్చున్నాను.

నాలుగు ప్రశ్నలు అయ్యాయి. ఐదోది రమ కావాలనే పెట్టింది. “ఒక మందలో అరవై గొర్రెలు. మూడో వంతు అమ్మినారు. మిగిలిన వాటిల్లో సగం ఈనినాయి. ఈనినవి ఎన్ని?” నాకే తికమకైంది. వెనక నుంచి చెన్నమ్మ వేళ్ళు మడుచుకుంటూ “ఇరవై” అని గొణగడం వినిపించింది. పలకలు లేచాయి. తెర మీద ఎరుపే ఎరుపు. ముగ్గురివి మాత్రం పచ్చగా వచ్చాయి. ఐదు ప్రశ్నలకూ పచ్చగా ఉన్నది ఒక్కటే నంబరు.

రమ వెనక్కి తిరిగి అడిగింది. “చెన్నమ్మక్కా, ఆ వరసల్లో అన్నీ పచ్చగా ఉండే నంబరు ఎంత?”

“పదకొండు.”

“పదకొండో పలక ఎవరి చేతిలో ఉందో చూడు.”

చెన్నమ్మ లేచి పిల్లల మధ్యకు వచ్చింది. కూతురి చేతిలోని పలకను తిప్పి నంబరు చూసింది, మళ్ళీ తెర చూసింది, మళ్ళీ పలక చూసింది. “ఒక్క మాట మాట్లాడదు గదా టీచరమ్మా. దీనికేమీ తెలవదేమో అనుకుంటి.”

“అట్టలు రాకముందు నేనూ అట్లే అనుకున్నా అక్కా” అన్నది రమ. ఆ మాటకు మా అమ్మాయి మీద నాకు గౌరవం పెరిగింది.

భోజనాలు వడ్డించేటప్పుడు చెన్నమ్మ నా పక్కన వచ్చి కూర్చున్నది. “అవ్వ కాడ వదిలిపోతా మామా. గొర్రెల కాడికి నా చెల్లెలు కొడుకును పిలుచుకుంటా. ఆ పదకొండో పలక మీద తెలుపు పోకుండా చూడు” అన్నది. “నువ్వేసిందే గదమ్మా, ఎట్ల పోతది?” అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుంది, నవ్వు దాచుకోవడానికి అనుకుంటాను.

మూడున్నరకు బాషా ఆటో వచ్చింది. అది ఎక్కితే అయిదింటికి కంభంలో బస్సు అందుతుంది. ఆటో మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ప్రహరీ గోడ మీద మల్లేశ్వరి నిలబడి పదకొండో పలక నా వైపు ఎత్తి పట్టుకుంది. “ఏ అక్షరం పైకి పెట్టింది మామా?” అని బాషా అడిగాడు. అంత దూరం నా కళ్ళకు ఆనలేదు. “ఏదైనా గానీ నాయనా, సరైందే పెట్టి ఉంటది” అన్నాను.

ఇదంతా నేను నోటితో చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. ఇది కూడా ఉచితమే, ఇది కూడా రమ నేర్పిందే. నా జీవితమంతా పలక అంటే పిల్ల రాసింది పెద్దవాళ్ళు చూసి తప్పొప్పులు చెప్పేది అనుకున్నాను. ఆ రోజు బడిలో పిల్ల చేతిలో ఉన్న పలకను చూసి పెద్దవాళ్ళం మేమే దిద్దుకున్నాం. ముందు నేను, తర్వాత చెన్నమ్మ, అంతకుముందే మా అమ్మాయి. ఇంత సంతోషం ఈ వయసులో నాకు రాసిపెట్టి ఉందని అనుకోలేదు. చూసి రావాలనుకునే టీచర్లకు ఒకే మాట. మీ బడికి కూడా పలకల మీద చేసుకోవాలంటే తెల్లటి నేల, నల్లటి బొమ్మ అని గుర్తుంచుకోండి, సుద్దపొడిని నీళ్ళలో కాకుండా గంజిలో కలపండి, గుడ్డతో రుద్దకుండా ఒత్తి తీయండి.