ఆ రోజు వాన అని నేను రాయలేదు

మా చేపల అత్త పోయిందన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్న వచ్చింది. ఆవిడతో కలిసి గంప మోసే జాలరిపేట మనిషి మా గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "మీ అత్త ఎల్లిపోనాది బాబూ. నాలుగు రోజులు జొరం. నీకు సెప్పమంది." చేపలు కావాలా అని ఆ రోజు అడగలేదు. గంప కూడా దించలేదు.

మా నాన్నకు పోర్టులో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి కంచరపాలెం చేరినప్పుడు మా అమ్మకు ఈ ఊళ్లో పరిచయమైన మొదటి మనిషి ఆవిడ. అమ్మ "వదినా" అని పిలిచేది గనుక నాకు అత్త. కొంత బస్సులో, కొంత నడిచి గోపాలపట్నం దాకా వెళ్లి అమ్ముకొచ్చేది. చేప గురించి అబద్ధం చెప్పేది కాదు. "ఇది నిన్నటిది. పులుసుకైతే పట్టుకెల్లు, ఏపుడుకి పనికిరాదు" అని తనే ముందు చెప్పేసేది. ఇలా అయితే బేరం ఎలా సాగుతుందని అమ్మ నవ్వితే, "నిన్నటి సేపని ఇయాల్టిదంటే రేపు ఏ మొకంతో వత్తానమ్మా?" అనేది.

నేను పత్రికలో చేరిన కొత్తలో నా వార్త అచ్చయిందని కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. "మెత్తగుంది అల్లుడా. కానాగంత సేపలు బాగా సుట్టుకోవచ్చు" అంది. ఆవిడకు చదువు రాదు.

ఆవిడకు ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్లు నిండాక తనూ గంప ఎత్తుకుంది. డెబ్భైల చివర్లో ఒక వర్షాకాలం, సరుకంతా అమ్మేసి తిరిగి వస్తూ కంచరపాలెం దగ్గర పట్టాలు దాటుతుండగా గూడ్సు బండి కొట్టింది. వాన వస్తే ఖాళీ గంపను తల మీద బోర్లించుకుని నడవడం ఆ ఆడవాళ్లందరికీ అలవాటే. గంప కళ్ల దాకా దిగుతుంది. వాన చప్పుడు గంపలో మోగుతుంది. పిల్ల బండిని చూడలేదు, వినలేదు.

ఆ వార్త రాసింది నేనే. ఆరు వాక్యాలు. బోర్లించిన గంప సంగతి రాశాను. వాన సంగతి రాయలేదు. ఊరంతా తడిసింది కదా, వేరే చెప్పాలా అనుకున్నాను. చివర్లో మా వృత్తిలో అందరం రాసే వాక్యమే రాశాను: "మృతికి కారణాలు తెలియాల్సి ఉంది." పోలీసులు కాగితం పూర్తి చేయకముందు ఏ చావు వార్తకైనా ఆ వాక్యం తగిలించేవాళ్లం. రాస్తున్నప్పుడు దాన్ని చదివి చూసుకునే అలవాటు కూడా లేదు. అందరికీ తెలిసింది వదిలేశాను. ఎవరికీ రాని అనుమానం అచ్చు వేశాను.

కొన్నేళ్లకు ఒక దెయ్యం సినిమా తీసేవాళ్లు ఊళ్లో దిగారు. షూటింగు గురించి రాయమని నన్ను పంపారు. దర్శకుడు మర్యాదస్తుడు, టీ ఇప్పించాడు. తన ఫైలు తెరిచి కథకు మూలం చూపించాడు. అది నా ఆరు వాక్యాల వార్త. "ఈ చివరి వాక్యం దగ్గరే నాకు సినిమా దొరికిందండీ" అన్నాడు. ఆయన కథలో చేపలమ్మే పిల్లను ఒక ఆఫీసరు మోసం చేస్తాడు. పిల్ల పట్టాల మీదికి వెళ్తుంది. తర్వాత తల మీద గంప బోర్లించుకుని, నీళ్లు కారుతూ తిరుగుతుంది. చివరికి ఆఫీసరు ఆ గంప ఎత్తి చూస్తే కింద ముఖం ఉండదు.

"ఆ గంప ఆమె సిగ్గుకు గుర్తండీ. లోకానికి ముఖం చూపించుకోలేని ఆడది" అని వివరించాడు.

"ఆ రోజు వానండీ" అన్నాను.

"వాన మేమూ పెట్టాం. చాలా బాగా వచ్చింది" అన్నాడు.

సినిమా బాగా ఆడింది. జాలరిపేటలో ఎవరో చెబితే అత్త వెళ్లి చూసింది. మర్నాడు మా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగింది.

"నా కూతురికి మొకం లేదంటారేటి అల్లుడా? ఎడమ కన్ను కింద పుట్టుమచ్చ ఉండీది. ముక్కుపుడక నానే కొన్నాను. ఆఫీసరెవడు? అదెప్పుడు సూసిందాడిని?"

"కథ అత్తా. కల్పించారు."

"కల్పించుకుంటే కల్పించుకోమను. మా పేటలో నిజమనేత్తన్నారు. కారణం లేకపోతే పేపరోళ్లు అలగెందుకు రాత్తారని నన్నే అడుగుతన్నారు. నువ్వు రాసీవోడివే కదా, వాన అని రాసీ. వాన. అంతే."

రాసి తీసుకెళ్లాను. మా ఎడిటర్ పాత వార్త తెప్పించి రెండుసార్లు చదివారు. "ఇందులో తప్పేముందయ్యా? కారణాలు తెలియాల్సి ఉందన్నావు. అప్పటికి అది నిజమే కదా. లేని తప్పుకు సవరణ ఎలా వేస్తాం?" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను. దర్శకుడికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. వచ్చినా ఏం చేయగలడు? సినిమా రీళ్ల పెట్టెలు అప్పటికే అన్ని జిల్లాలకూ వెళ్లాయి.

వానలో గంప బోర్లించుకుని వస్తుంటే గోపాలపట్నంలో పిల్లలు ఆవిడను చూసి దెయ్యమని అరిచి పారిపోవడం మొదలైంది. అప్పటి నుంచి ఎంత వానొచ్చినా ఆవిడ గంపను నడుముకు ఆనించుకునే నడిచింది. తడిసిన తలతో మా అరుగు మీద కూర్చునేది. అమ్మ తువ్వాలు ఇస్తే తుడుచుకునేది. నన్ను మాత్రం మళ్లీ ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పోయిన నెల మాత్రం లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "నాను పోతే రాత్తావా అల్లుడా?"

"రాస్తాను."

"ఎలగ పోనానో అది కూడా రాసీ. తెలీదనకు."

ఆవిడ విషజ్వరంతో పోయింది. కారణం తెలుసు.

ఆ మంగళవారం జాలరిపేట వెళ్లి, వాళ్ల ఇంటి ముందు కాసేపు కూర్చుని తిరిగి వస్తుంటే దారిలో సినిమా హాలు ముందు జనం. ఆ సినిమానే మళ్లీ మార్నింగ్ షోగా వేశారు. క్యూలో చేపలమ్మే ఆడపిల్లలు నలుగురు ఉన్నారు. ఒక పిల్ల నా వైపు తిరిగి, "బాగుంటాదా బాబూ? నిజంగా జరిగిందే అంట కదా?" అని అడిగింది.

"అమ్మాయ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. లోపల గంట మోగింది. "రాయే, పేర్లు పడిపోతన్నాయి" అని పక్క పిల్ల చెయ్యి పట్టి లాగింది. నలుగురూ నవ్వుకుంటూ లోపలికి పరుగెత్తారు. గేటు మనిషి నల్ల తెర లాగేశాడు. లోపల నుంచి వాన చప్పుడు వినిపించింది. బయట ఎండ కాస్తోంది.