విశ్వకర్మ పూజనాడు నా బోర్డు

మా ఊళ్లో ఇందా అనే పేటలో నేను పనిచేసే చిన్న కంపెనీలో చిప్పులు తయారుచేయరు. చిప్పు ఎలా ఉండాలో రాస్తారు. రాసింది ఫ్యాక్టరీకి పంపేముందు ఎఫ్‌పీజీఏ అనే చిప్పున్న బోర్డులో ఎక్కించి చూస్తాం. అందులో ఎన్నిసార్లైనా చెరిపి రాసుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి తప్పుతో వచ్చింది మాత్రం కీచైనుకి తప్ప పనికిరాదు.

నా మొదటి డిజైను ఉండుండి ఒక అంకె మింగేస్తోంది. ఎల్లుండి పదింటికి సరిగ్గా నడిస్తే ఫ్యాక్టరీకి పోతుంది, లేదంటే మరో ఆర్నెల్లు ఆగుతుంది. అందుకే బోర్డుని న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్‌కి తెచ్చుకున్నాను. తెల్లారితే విశ్వకర్మ పూజని గుర్తులేదు.

నేను లేచేసరికి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మా నాన్న స్పానర్లు, ఆకురాళ్లు, అమ్మ కుట్టుమిషను వరసగా పేర్చాడు. చివర్న నా లాప్‌టాప్, బోర్డు. చిప్పు నడినెత్తిన కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ. నా ఉద్యోగం అంత అందంగా ఎప్పుడూ లేదు.

“నాన్నా, అది ఇయ్యాల నాకు కావాలి.”

“పూజనాడు పనిముట్టు ముట్టకూడదురా.”

“అది పనిముట్టు కాదు, ఖాళీ చిప్పు. మనం ఏటి రాస్తే అదవుతాది.”

“అంటే ఏ పనికైనా వస్తాదా?”

“వస్తాది.”

“అయితే అన్నిట్లోకీ పెద్ద పనిముట్టు ఇదే” అని దానిముందు ఇంకో అరటిపండు పెట్టాడు. ఆయన కేసు నేనే గెలిపించాను.

ఇక మిగిలింది సంచిలో ఉన్న డిజైను ప్రింటు. నాన్న తిరగేసి చూసి, కాగితం పనిముట్టు కాదని తేల్చాడు. మెట్లమీద కూర్చుని, పులిహోర తింటూ, మొదటిసారి మొత్తం చదివాను. అంతకుముందు వారమంతా ఒక లైను మార్చడం, బోర్డులో ఎక్కించడం, మళ్లీ మార్చడం. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చన్న ధీమాతో బుర్రకి సెలవిచ్చేశాను.

పులిహోర అయ్యేలోపే తప్పు దొరికింది. వేగంగా నడిచే భాగం నెమ్మదిగా నడిచే భాగానికి అంకెలు అందిస్తోంది. అవతల అందుకున్నారో లేదో చూడకుండా, పెళ్లిబంతిలో కొత్తగా వడ్డించేవాడిలా తర్వాతది వేసేస్తోంది. ఆగి చూసేలా పెన్సిలుతో రెండు లైన్లు రాశాను.

“సూసినావా, దేవుడే సూపించినాడు” అన్నాడు నాన్న.

“దేవుడు కాదు నాన్నా, నువ్వు లాప్‌టాప్ లాక్కున్నావు.”

“ఆయన సెప్తేనే లాక్కున్నాను.”

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఆ రెండు లైన్లూ ఎక్కించాను. పదింటికి మొదలుపెట్టి భోజనాల వేళదాకా నడిపాం. ఒక్క అంకె మింగలేదు. ఫ్యాక్టరీకి పంపమన్నారు. మా సీనియర్ దీదీ బోర్డుని వెలుతురులోకి పట్టుకుని, ఈ ఎర్రది తుడిచెయ్యనా అని అడిగింది.

వద్దన్నాను. నడుస్తున్నదాన్ని ముట్టకూడదు. అది మా ఆఫీసు మడి.