గడ్డి చేను బేరం

బేరం మధ్యలో లేచిపోవడంలో నయాపూల్ బజారులో నన్ను మించినవాడు లేడు. చెప్పుల్లో కాళ్లు పెట్టి మూడడుగులు వేస్తే చాలు, ఎంత మొండి దుకాణదారైనా వెనక్కి పిలవాల్సిందే. ఆ విద్యతోనే మూడెకరాల గడ్డి చేనును పోగొట్టాను.

చేను ఊరి చివర, బార్కస్ బస్తీ అవతల ఉండేది. మా గల్లీ గేదెలకు పచ్చగడ్డి అక్కడినుంచే వచ్చేది. చుట్టూ అప్పటికే ప్లాట్ల రాళ్లు పాతేశారు. చేను యజమాని, బార్కస్‌లో ఉండే ఒక పెద్దాయన, ఇక చూసుకునే ఓపిక లేక అమ్మేస్తున్నాడని తెలిసి మా బజారువాళ్లు చందాలు వేసుకున్నారు. చేను కొని ట్రస్టు పేర రాయించాలి, అందులో ఎన్నటికీ గోడ లేవకూడదు, గడ్డే పెరగాలి. బేరానికి నన్ను పంపారు. పదకొండు గేదెలున్న మా పాలాయన వెంట వచ్చాడు.

పెద్దాయన చాయ్ తెప్పించి, చందాల సంగతీ ట్రస్టు సంగతీ అంతా విని ధర చెప్పాడు. ప్లాట్లవాళ్లు ఇస్తామన్నదానికంటే చాలా తక్కువ.

"ఒప్పుకో అన్నా, ఇంకెంత తగ్గుతడు?" పాలాయన నా చెవిలో గొణిగాడు.

చెప్పిన ధరకు కొంటే నాకు బేరం నేర్పిన మా నాయన పరువేం కావాలి? "ఇంకో పది లక్షలు తగ్గించుర్రి చాచా, గేదెలన్నీ మీకు దువా ఇస్తయి" అన్నాను.

"తగ్గించే చెప్పిన బేటా."

ఈ మాట నా దుకాణంలో నేనే రోజుకు ఇరవైసార్లు అంటాను. అందుకే నమ్మలేదు. లేచాను. మూడడుగులు, నాలుగు, గేటు కూడా దాటాను. ఎవరూ పిలవలేదు.

"వాపస్ పోదాం అన్నా, నీకు దండం పెడత" అన్నాడు పాలాయన.

"ఫికర్ చెయ్యకు. రేపు ఆయనే ఫోన్ చేస్తడు."

ఫోన్ రాలేదు. అయిదో రోజు నేనే వెళ్లాను. ప్లాట్లవాళ్ల దగ్గర అడ్వాన్సుగా బయానా తీసేసుకున్నాడు. ఈసారి లోపలికి రమ్మనలేదు.

"మీరిచ్చింది దానం, నేను తగ్గించింది బేరమా బేటా?" అని మాత్రం అడిగాడు.

చందాలిచ్చినవాళ్లు డబ్బు మిగల్చమని ఇవ్వలేదు, చేను నిలపమని ఇచ్చారు. ఆ తేడా బజారులో పెరిగిన నా బుర్రకు తట్టలేదు.

ఎవరి చందా వాళ్లకు తిరిగి ఇచ్చేశాను, పైసా తేడా లేదు. పది లక్షలు మిగల్చబోయాను, మొత్తం మిగిలింది. ఖర్చు కింద మూడెకరాలు పోయాయి. గడ్డి కొనలేక పాలాయన అమ్ముకున్న గేదెలు ఎనిమిది. నా జేబులోంచి పోయింది, బార్కస్‌కు రెండుసార్లు ఆటో కిరాయి.