బొమ్మకు పెట్టిన పేరు

ఆ బొమ్మలో దెయ్యం లేదు. ఈ మాట నేను ఇంటర్వెల్లోనే చెప్పాను. పాప్‌కార్న్ కోసం లైన్లో నిలబడ్డ నా కూతురు ఒప్పుకోలేదు. కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు మదనపల్లెకు వచ్చిందంటే ఫోన్లో దెయ్యాల వీడియోలు చూడ్డమే దాని పని. ఆ పింగాణీ బొమ్మలో ఎవరో మంత్రగత్తె ఆత్మ దూరిందనీ, కళ్లు ఎప్పుడూ ఎడమ పక్కకే తిరగడం అందుకు గుర్తనీ దాని సిద్ధాంతం. నేను కొట్టిపారేశాను. సినిమాల విషయంలో నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. మా ఫ్యాన్సీ షాపుకు గాజులకొచ్చే ఆడవాళ్లు ఏ సినిమాకు పోవాలో నన్నడిగే పోతారు.

సినిమా ఏ దేశానిదో, తెలుగులోకి డబ్బింగ్ చేశారు. కొండ మీద పెద్ద ఇల్లు. అందులో ఒక తల్లి, ఆమె చిన్న కూతురు, ఆ కూతురంత ఎత్తున్న బొమ్మ. తల్లి బొమ్మకు తల దువ్వుతుంది, పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తుంది, కూతురికి పెట్టిన పేరుతో బొమ్మను పిలుస్తుంది. కన్నకూతుర్ని మాత్రం "ఏయ్, నిన్నే" అంటుంది. ఆ పిల్లకు చిరిగిన గౌను, వంటింటి మూలలో పడక. బొమ్మ కళ్లు తిప్పినా, మెట్లు దిగినా నాకు భయం వేయలేదు గానీ, ఆ తల్లిని చూస్తే ఒళ్లు మండింది. చివర్లో ఇంటికి నిప్పంటుకుంటుంది. తల్లి కూతురి పేరు పెట్టి అరుస్తూ, గుండెలు బాదుకుంటూ, తన చేతులతోనే బొమ్మను మంటల్లోకి తోస్తుంది. తర్వాత వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లను చూసి నవ్వుతుంది. హాలంతా కెవ్వుమంది. సినిమా అక్కడితో అయిపోయింది.

తల్లే దెయ్యం, ఇదీ నా తీర్పు. కూతురు చావాలని లోపల కోరిక ఉంది కాబట్టే బొమ్మకు ఆ పేరు పెట్టి కాల్చేసింది. ఆ నవ్వుకు అర్థం ఇక నీ వంతు అని. ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. ఆ కారణం నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది.

మా అమ్మ కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి పుంగనూరు నుంచి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఎందుకని సినిమాకు లాక్కుపోయాం. మా అమ్మ నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. దిబ్బా అంటుంది. పేడా కసువూ పోసే దిబ్బ. మా తమ్ముణ్ని నాయనా, బంగారూ అని పిలిచిన నోటితోనే నన్ను దిబ్బా అనేది. నేను కాస్త లావు కూడా కావడంతో బళ్లో పిల్లలకు ఆ పేరు పండగైంది. పెళ్లిలో అత్తగారి వాళ్లందరి ముందూ "దిబ్బా, తల వంచు" అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంత వయసొచ్చినా ఆ పిలుపు వింటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

హాల్లోంచి బయటికొస్తుంటే మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. డాక్టరు వేసిన చుక్కల మందు వల్ల అనుకున్నాను.

మర్నాడు నేనూ నా కూతురూ ఆమెను పుంగనూరులో దిగబెట్టడానికి వెళ్లాం. బస్సులో కూడా మా ఇద్దరికీ అదే వాదన. ఇంటికి చేరాక ముగ్గురం చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. అప్పుడు కూడా నేను ఊరుకోలేదు. కొందరు తల్లులంతే, కన్నబిడ్డను దిబ్బ మీద పారేసి బొమ్మకు ముద్దులు పెడతారు అన్నాను. ఎవరికి తగలాలో వాళ్లకు తగలాలనే అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది.

"సినిమాలో ఆయమ్మ బిడ్డిని పారెయ్యలా మే," అంది. "దాపెట్టింది."

నాకు అర్థం కాలేదు. అమ్మ తల వంచుకునే చెప్పుకుపోయింది. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారట. ఇద్దరూ జ్వరంతోనే. ఆ సంగతే నేను అప్పటిదాకా వినలేదు. అప్పుడు మావాళ్లు పెద్దపంజాణి దగ్గరి పల్లెలో ఉండేవాళ్లు. నేను పుట్టగానే మా అమ్మమ్మ కుప్పం నుంచి ఒక కొయ్యబొమ్మ తెచ్చింది. పేరు పెట్టే రోజు ఉయ్యాల్లో పడుకోబెట్టింది ఆ బొమ్మను. నా పేరు చెప్పింది దాని చెవిలో. నన్ను చాటలో వేసి పెరటి దిబ్బ మీద పెట్టారు. పక్కింటామె గుప్పెడు నూకలిచ్చి నన్ను కొనుక్కుని, సాకమని మా అమ్మకే ఇచ్చింది. దిబ్బ మీద దొరికిన పిల్ల ఎవరికీ అక్కర్లేదు కదా, చావుకు కూడా. ఇలాంటివి వేరే ఇళ్ల సంగతులుగా నేనూ విన్నాను. మా ఇంట్లోనే జరిగిందని ఎవరూ అనలేదు. పైకి చెబితే ఫలించదట.

నడక నేర్చే వయసులో నాకూ జ్వరం వచ్చింది. మూసిన కన్ను తెరవలేదట. నన్ను పక్కింట్లో దాచిపెట్టి, కొయ్యబొమ్మకు నా గౌను తొడిగి, తెల్లగుడ్డ చుట్టారు. మా నాయన దాన్ని చేతుల మీద మోసుకుపోయి చేని గట్టున పూడ్చి పాలు పోశాడు. మా అమ్మ నా పేరు పెట్టి, మట్టిలో పొర్లి పొర్లి ఏడ్చింది. తర్వాత నా జ్వరం దిగింది.

పెద్దపంజాణి దారిలో ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటానో. అక్కడ ఏదో గట్టు కింద నేను పూడ్చబడి ఉన్నాను. అన్నిటికీ జవాబుండే నా కూతురు ఫోను పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. అవ్వా, మరి ఆ తల్లి ఎందుకు నవ్వింది అని మెల్లగా అడిగింది.

"నవ్వదా మరి? దాని బిడ్డి దక్కింది గదా," అంది అమ్మ.

నా సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటతో కూలిపోయింది. సినిమా తీసినవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. ఏడుపు ఆపుకోలేక చిన్నపిల్లలా అడిగాను, ఇన్నేళ్లయింది, ఇప్పుడైనా ఒక్కసారి పేరుతో పిలవమ్మా అని. నా మొగుడూ బంధువులూ షాపుకొచ్చేవాళ్లూ అందరూ పిలుస్తూనే ఉన్నారు, ఏమీ కాలేదు కదా అని కూడా అన్నాను.

"ఊరంతా పిలిస్తే ఏం గాదు," అంది. "ఆ పొద్దు నేను ఏడ్సిన గొంతు ఆ సావుకు గుర్తుంటాది. నేను పిలిస్తే, ఆ బిడ్డి బతికే ఉండాదని తెలిసిపోదా?"

ఇక నేను అడగలేదు. అమ్మ లేచి వెళ్లి వాకిలి తలుపు మూసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా ముఖం తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా. అది నా పేరే.