రెండుసార్లు తడితే ఆగాలి

ఆ రోజుల్లో ఎవరినైనా దారి అడగడమంటే నాకు అప్పు అడిగినంత నామోషీగా ఉండేది. బండెక్కిన మగవాడికి దారి తెలిసే ఉండాలనీ, ఒకవేళ తెలియకపోయినా బండి తనంతట తానే తీసుకుపోతుందనీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒకసారి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్దామని బయల్దేరి, అడ్డదారి అనుకుంటూ ఊళ్ళన్నీ తిరిగి, పొద్దువాలే వేళకి మళ్ళీ తాడేపల్లిగూడెమే చేరాను. (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఏలూరులో ఎండ ఎక్కువగా ఉందని మాత్రం చెప్పాను.)

అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. నేను గూడెంలో ఉల్లిపాయల కమీషను కొట్లో గుమాస్తాని, మా ఆవిడ ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. శని, ఆదివారాలొస్తే చాలు, ఎవరో వాడి వదిలేస్తే నేను మోజుపడి కొనుక్కున్న పాత బండి మీద పల్లెదారులన్నీ తిరిగేవాళ్ళం. ఆ బండి చప్పుడు ఎంతటిదంటే వెనక కూర్చున్న మనిషి చెవిలో అరిచినా ముందున్నవాడికి వినపడదు. అందుకని మా ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. భుజం మీద ఒకసారి తడితే మెల్లగా పోవాలి. రెండుసార్లు తడితే ఆగాలి. తట్టే పని లేనప్పుడు కూడా ఆ చెయ్యి భుజం మీదే ఉండేది. చేల మీంచి వచ్చే గాలి, రోడ్డు పక్క ఎండబోసిన ధాన్యం వాసన, భుజమ్మీద ఆ కాస్త బరువు. ఇవి ఉంటే చాలు, పెట్రోలు లేకపోయినా బండి నడిచేస్తుందనిపించేది. (ఒకసారి నిజంగానే లేకపోయింది. నడవలేదు.)

ఒక ఆదివారం ప్రయాణం మాత్రం మా ఆవిడ కోరి పెట్టుకున్నది. కొల్లేటి ఒడ్డున ఆమె పుట్టిన చిన్న ఊళ్ళో పాతకాలపు పెంకుల ప్రార్థన మందిరం ఒకటుండేది. కొత్తది కట్టడానికి దాన్ని మర్నాడే పడగొట్టేస్తున్నారు. ఆ ఆదివారం అందులో ఆఖరి ఆరాధన. మా మావగారు ఆ ఊరి బళ్ళో మాస్టారుగా పనిచేసి, పోయేదాకా ప్రతి ఆదివారం ఆ మందిరంలో కిటికీ పక్కన నిలబడి పాట ఎత్తుకునేవారట. ఈసారి అదే చోట నిలబడి అదే పాట కూతురు ఎత్తుకోవాలని పాస్టరుగారు కబురు పంపారు. ఆ కబురు వచ్చినప్పటి నుంచి మా ఆవిడ అన్నం వార్చేటప్పుడూ, నోటుపుస్తకాలు దిద్దేటప్పుడూ ఆ పాటే కూనిరాగం తీస్తూ ఉండేది. ఎందుకంత సాధన అని అడిగితే, "మళ్ళీ పాడదామంటే ఆ గోడలుండవు కదండీ" అంది.

శనివారం సాయంత్రం బయల్దేరి గణపవరంలో మా అక్క ఇంట్లో ఆగాం. మర్నాడు ఇడ్లీలు తిని బండి తీస్తుంటే మా బావ అరుగు మీంచి కేకేశాడు. మా బావ దృష్టిలో నేను దారి తప్పడానికే పుట్టినవాణ్ణి. "డ్రైవరు గారూ! ఆకివీడు దాటాక కాలవ వంతెన వస్తుంది. వంతెన ఎక్కకుండా కుడివైపు తిరగాలి. నీకు గుర్తుండదు గానీ, అక్కడ మాత్రం మా చెల్లెమ్మ మాట వినవయ్యా. ఆవిడ పుట్టిన ఊరది, నువ్వు పుట్టిన ఊరు కాదు."

"నాకు తెలుసు బావగారూ," అన్నాను.

"తెలుసనే నా భయం," అన్నాడు.

మా అక్క నవ్వింది. మా ఆవిడ తెల్ల చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు నా వీపులో దిగబడింది. బండిని కావాలని పెద్ద చప్పుడు చేస్తూ వీధి దాటించాను.

ఆకివీడు దాటాం. చేపల లారీల వెనక నీళ్ళు కారుతున్న రోడ్డు మీద కాస్త దూరం పోయాక వంతెన కనపడింది. కుడివైపు మలుపూ కనపడింది. భుజం మీద మా ఆవిడ రెండుసార్లు తట్టింది. మలుపు నేను చూడలేదని గానీ, తట్టడం తెలియలేదని గానీ చెబితే అబద్ధం. ఆ క్షణాన నా బుర్రలో మందిరమూ లేదు, పాటా లేదు, అరుగు మీద కూర్చున్న మా బావ మొహం ఒక్కటే ఉంది. అక్కడ ఆగితే ఆయన గెలిచినట్టే. "ముందు ఇంకా దగ్గర దారి ఉంది!" అని గాల్లోకి అరిచి వంతెన ఎక్కించేశాను. మళ్ళీ రెండుసార్లు తట్టింది, ఈసారి గట్టిగా. నేను ఇంకాస్త వేగం పెంచాను. ఆ తర్వాత ఆ చెయ్యి తట్టలేదు.

దగ్గర దారి ఉంటే కదా! కలిదిండి వైపు కాసేపు పోయి, ఏదో మట్టిరోడ్డు చూసి, కొల్లేరు ఈ పక్కనే ఉండాలని లెక్కేసి తిప్పాను. ఆ మట్టిరోడ్డు చేపల చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళింది. ఆ గట్టు ఇంకో గట్టు మీదకి, అది మరో గట్టు మీదకి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎటు చూసినా నీళ్ళు, కొబ్బరిమొక్కలు, మమ్మల్ని చూసి కూడా లెక్కచెయ్యని కొంగలు. చివరికి గట్టు అయిపోయిన చోట ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు మేత బస్తాలు, బస్తాల మీద తలపాగా చుట్టుకున్న ఒక కాపలాదారు. మమ్మల్ని చూడగానే దిగ్గున లేచాడు.

"డాక్టరు గారాండీ? మా ఓనరు గారు నిన్నటి నుంచీ మీ కోసవే చూత్తన్నారండీ!"

చెరువు గట్ల మీద బండేసుకుని తిరిగి, చేపలకి మందులు చెప్పేవాళ్ళని అక్కడ డాక్టరు గారనే అంటారని నాకు తెలుసు. కాదు, దారి తప్పాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటే నా నోట్లోంచి రాలేదు. దానికి బదులు గొంతు సవరించుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, చెరువుకేసి చాలా గంభీరంగా చూశాను.

"నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయే," అన్నాను.

"ఆయ్, ఎప్పుడూ అలాగే ఉంటాయండీ," అన్నాడతను.

మా ఆవిడ బండి పక్కన నిలబడి నన్నొక చూపు చూసింది. అల్లరి చేసే పిల్లవాడు తనంతట తానే లేచి ఒప్పుకుంటాడేమోనని టీచర్లు కాసేపు ఆగుతారే, అదీ ఆ చూపు. నేను ఒప్పుకోలేదు. ఈలోగా కాపలాదారు చిన్న వల విసిరి, ఒక బొచ్చె చేపని పట్టుకొచ్చి నా చేతుల్లో పెట్టాడు. "పేను పట్టిందేమో చూడండి," అన్నాడు. చేపకి పేలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. కమీషను కొట్లో ఉల్లిపాయని ఎలా చూస్తానో అలాగే చూశాను. ముందు నొక్కాను, తర్వాత వాసన చూశాను. ఏ చేప మాత్రం ఆ అవమానం భరిస్తుంది? ఒక్క ఎగురు ఎగిరి, తోకతో నా చెంప మీద కొట్టి, బురదతో సహా వెళ్ళి మా ఆవిడ తెల్ల చీర కుచ్చిళ్ళ మీద పడింది.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. కేకలెయ్యలేదు. "అన్నయ్యా, ఈయన డాక్టరు కాదండీ. ఉల్లిపాయల కొట్లో గుమాస్తా. మేం దారి తప్పాం," అని, తన ఊరి పేరు చెప్పి, "అక్కడి మందిరంలో నేను పాడాలండీ," అంది.

కాపలాదారు నన్నూ, చేపనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నన్ను వదిలేసి ఆమెతోనే మాట్లాడాడు. "ఆ ఊరు అదిగోనమ్మా, కాలవకి అవతల. వెనక్కెళ్ళి చుట్టూ తిరిగొత్తే మద్దేనం అయిపోద్ది. మేత పడవ మీద దాటిత్తాను, రండి."

బండిని ఇద్దరం కలిసి పడవలోకి ఎక్కించాం. మేత బస్తాల మధ్య దాన్ని పడిపోకుండా పట్టుకుని నేను, ముందు అంచున ఆమె, వెనక గడతో అతను. కాలవ సగం దాటామో లేదో, అవతల ఒడ్డు నుంచి మందిరం మైకు మోగింది. ఏవో మాటలు, కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత ఎవరిదో గొంతు ఒక పాట ఎత్తుకుంది. రెండు నెలలుగా మా వంటింట్లో వింటున్న పాట. ఆమె వెనక్కి తిరగలేదు. కాస్త సేపు వీపు బిర్రుగా పెట్టుకుని నిలబడి, రెండో చరణం దగ్గర తనూ అందుకుంది. మైకు లేదు, కిటికీ లేదు, వినడానికి ఇద్దరం, కొన్ని కొంగలు. కాపలాదారు తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. గడ ఎత్తడం మానేశాడు. పడవ నిలిచిపోయిన ఆ కాసేపూ నీళ్ళ మీద రెండు గొంతులు కలిసి పోయాయి. (మధ్యలో నా మోచెయ్యి తగిలి హారన్ మోగింది. ఆ పాటకి నేను చేసిన సాయం అదొక్కటే.)

మేం వెళ్ళేసరికి బల్లలు బయటికి మోసేస్తున్నారు. మా ఆవిడ బురద కుచ్చిళ్ళతోనే లోపలికెళ్ళి, కిటికీ పక్కన గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ముసలి పాస్టరుగారు దగ్గరికొచ్చి, "ఇప్పుడైనా ఒక్క చరణం పాడమ్మా," అన్నారు.

"పాడేశానండీ," అంది. "వస్తూ వస్తూ పాడేశాను."

తిరుగు ప్రయాణంలో ఆ చెయ్యి నా భుజం మీద లేదు. వెనకున్న ఇనుప రాడ్డు పట్టుకుని కూర్చుంది. ఆ మలుపు దగ్గర నేనే బండి ఆపి, తల తిప్పకుండా, "ఇక్కడ ఆగాల్సింది. తట్టావని తెలిసే ఆగలేదు," అన్నాను. వెనక కుచ్చిళ్ళ మీది ఎండిన బురద దులుపుతున్న చప్పుడైంది. "ఇప్పుడు ఆగి ఏం చేస్తామండీ. పదండి డాక్టరు గారూ, పొద్దు వాలిపోతోంది," అంది. ఆ 'డాక్టరు గారూ' వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ చెయ్యి మాత్రం గూడెం చేరేదాకా రాడ్డు మీదే ఉండిపోయింది. చాలా వారాల తర్వాత, ఒకరోజు బజారు నుంచి వస్తుంటే ఏమీ అనకుండా మళ్ళీ భుజం మీదకొచ్చింది. అప్పుడు మా ఇల్లు దాటించేసి ఇంకో నాలుగు వీధులు తిప్పాను. ఆమె తట్టలేదు.

ఇప్పుడు ఆమెకి మోకాళ్ళ నొప్పులు. బండెక్కలేదు, ఆటోల్లోనే తిరుగుతుంది. దారులు ఫోనే చెబుతోంది కాబట్టి తప్పిపోయే అదృష్టం కూడా ఎవరికీ లేదు. పని మీద నేనొక్కణ్ణే బండి మీద ఆకివీడు వైపు వెళ్ళినప్పుడల్లా ఆ వంతెన ముందు ఆగి కాలు కింద పెడతాను. ఎందుకంటే ఏం చెప్పను? మొన్న అలాగే ఆగి ఉంటే, సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుని పోతున్న పెద్దాయన దిగి, "దారి తప్పారాండీ?" అని అడిగాడు.

"తప్పానండీ," అని మా ఆవిడ పుట్టిన ఊరి పేరు చెప్పాను.

పాపం, మోపు జారిపోతున్నా చెయ్యి చాపి, ఏ మలుపు తిరగాలో, కొత్త మందిరం ఎక్కడొస్తుందో అన్నీ ఓపిగ్గా చెప్పాడు. నాకు తెలిసిన దారే. చివరిదాకా విన్నాను. ఆ పాత బండి రోజుల్లోని నేను చూస్తే ఎంత నామోషీ పడేవాణ్ణో అనుకుంటే నవ్వొచ్చింది. భుజం మాత్రం, అలవాటు కొద్దీ, ఇంకా కాస్త వెనక్కి వాలే ఉంది.